కంచలో మొక్కను మళ్లీ వచ్చి చూసేదెవరు?

2024 ఏప్రిల్ చివరి వారంలో శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రహరీ దూకి ఒక చిరుత లోపలికొచ్చింది. గొల్లపల్లి వైపు దాని జాడ కనిపించగానే అటవీశాఖ వాళ్లు దిగారు. చెట్లకు ట్రాప్ కెమెరాలు కట్టారు, బోన్లలో మేకల్ని ఎరగా పెట్టారు. మే 3న చిరుత బోనులో పడింది. దాన్ని నల్లమలకు తీసుకెళ్లి వదిలేశారు. ఆ ఐదారు రోజులూ నగరంలో ఏ టీకొట్టు దగ్గర చూసినా దాని ముచ్చటే.

చిరుతను చూసుకోవడానికి మనకొక శాఖ, ఒక చట్టం, ఒక పద్ధతి ఉన్నాయి. మరి అదే నేలలో మొలిచే అరుదైన మొక్క సంగతేమిటి? అది గోడ దూకదు, మేకను ఎత్తుకుపోదు. వానలు పడ్డాక కొన్ని వారాలు కనిపించి, మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. నిరుడు ఎన్ని ఉన్నాయి, ఈ ఏడు ఎన్ని మిగిలాయి అని చెప్పాలంటే ఎవరో ఒకరు ఏటా అదే నెలలో, అదే చోటికి రావాలి. శాస్త్రవేత్తలు దీన్ని మానిటరింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే మళ్లీ వచ్చి చూడటం.

అమెరికాలో ప్రభుత్వ భూముల మీద ఈ పనిలో కొంత భాగం డిగ్రీ ముగించిన పిల్లలు, జీతం తీసుకునే ఇంటర్న్‌లుగా చేస్తున్నారు. మన దగ్గర ఎవరు చేస్తున్నారు, ఎందుకు చేయలేకపోతున్నారు, చేస్తే ఎలా చేయాలి? శంషాబాద్ చుట్టుపక్కల నేలను ముందు పెట్టుకుని ఈ ప్రశ్నను మొత్తంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త మొక్కను కనిపెట్టేవాళ్లకు తెలుగునాట కొరత లేదు. తెలిసిన మొక్కను మళ్లీ చూసేవాళ్లే కరువు. ఇప్పుడు మనం నడుపుతున్న తీరులో ఇంటర్న్‌షిప్ ఆ లోటు తీర్చలేదు. కారణం పిల్లల్లో ఆసక్తి లేకపోవడం కాదు, కాలేజీ క్యాలెండరు వానతో కలవకపోవడం.

ఖాళీ జాగా అనే మాట

తెలంగాణలో కంచ అంటే ముళ్లకంచె ఒక్కటే కాదు. పశువుల మేతకు వదిలేసిన గడ్డినేల కూడా కంచే. దానికి తోడు గైరాన్, బంచరాయి, పోరంబోకు, చెరువు శిఖం. రెవెన్యూ రికార్డుల్లో వీటికి వేర్వేరు పేర్లు, వేర్వేరు హక్కులు. వీటి పక్కనే అటవీశాఖ చేతిలోని రిజర్వు ఫారెస్టు బ్లాకులు. శంషాబాద్, మహేశ్వరం, మొయినాబాద్, చేవెళ్ల వైపు నేలంతా ఈ ముక్కల అతుకులబొంత. పైన పలచని ఎర్ర చల్క, కింద గ్రానైటు, మధ్యమధ్య ఏనుగుల్లాంటి గుండ్లు. గుండ్ల గుంతల్లో వాననీళ్లు నిలిస్తే నాలుగు వారాల పాటు అక్కడొక చిన్న లోకం మొలుస్తుంది.

ఈ నేల ఇన్నాళ్లు మిగలడానికి కారణం మొక్కల మీద ప్రేమ కాదు, మంచినీళ్ల మీద భయం. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ రెండు చెరువుల పరీవాహకాన్ని కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. శంషాబాద్ మండలంలోని ఊళ్లూ అందులో ఉన్నాయి. జీవోలో గడ్డి గురించీ దుంపల గురించీ ఒక్క మాట లేదు. కానీ సిమెంటు రాని చోట గడ్డి మిగిలింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు సడలిపోయాయి. అంతకుముందే 2008 మార్చి 23న దాదాపు 5,500 ఎకరాల్లో ఎయిర్‌పోర్టు మొదలైంది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, ఇప్పుడు దక్షిణాన ఫ్యూచర్ సిటీ. నేల చేతులు మారే వేగం ముందు మొక్కల్ని లెక్కపెట్టే వేగం ఎక్కడా చాలడం లేదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. శంషాబాద్ నుంచి బెంగళూరు హైవే మీద కిందికి పోతే షాద్‌నగర్. అక్కడ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్ల భూకేంద్రం ఉంది, ఉపగ్రహాలు తీసిన బొమ్మలు అక్కడ దిగుతాయి. ఆ సంస్థ సాయంతో కేంద్ర ప్రభుత్వం వేసే బంజరు భూముల అట్లాసు 2019 కూర్పు ప్రకారం దేశంలో బంజరు దాదాపు 5.57 కోట్ల హెక్టార్లు, అంటే మొత్తం నేలలో 17 శాతం. పొదలున్న నేల, పలచని పొదల నేల కూడా ఆ జాబితాలో తరగతులే. మన కంచ పడేది సరిగ్గా ఆ గడిలో. ఆకాశం నుంచి చూస్తే బంజరు, మోకాళ్ల మీద కూర్చుని చూస్తే వందల జాతులు. చూపు ఎంత ఎత్తులో ఉందన్నదే తేడా.

బంజరు అని పేరు పడ్డాక రెండు పనులు జరుగుతాయి: కట్టడమో, నాటడమో. 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. చెట్టు లేని చోట చెట్టు పెట్టడం మంచి పనే, రోడ్ల పక్కన దాని ఫలితం కళ్లకు కనిపిస్తోంది. కానీ గడ్డినేలలో ఎండకు అలవాటుపడ్డ మొక్కకు నీడే శత్రువు. మొక్కలు నాటడానికి తవ్విన గుంతలో ఏ దుంప తెగిందో రాసుకునే గడి ఏ ఫారంలోనూ ఉండదు. ఎవరూ నాటకపోయినా నేల ఖాళీగా ఉండదు, సర్కారు తుమ్మ అల్లుకుంటుంది. సర్కారు భూమిలో సర్కారు తుమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లు వ్యంగ్యంగా పెట్టారో లేదో గానీ సరిగ్గా కుదిరింది.

ఇంకో చిక్కు కాగితాల్లో ఉంది. పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావ నివేదికలకు సాధారణంగా అడిగే బేస్‌లైన్ సమాచారం వానాకాలం కాని ఒక సీజన్‌ది. గాలి, దుమ్ము కొలవడానికి ఆ నియమం సబబే. మొక్కల జాబితా కూడా అప్పుడే తీస్తే వానలో మాత్రమే కనిపించే మొక్క ఆ నివేదికలో ఉండే అవకాశమే లేదు.

బలుసు పొద కింద

అరుదైన మొక్క అనగానే చాలామంది కళ్ల ముందు మెదిలేది మహావృక్షం. దక్కను కంచలో అరుదైనవి చాలావరకు మోకాలి ఎత్తు కూడా ఉండవు. ఉదాహరణకు సెరోపీజియా బల్బోజా. జూలైలో రెండు మూడు మంచి వానలు పడ్డాక, మేకలు మూతి పెట్టలేని ముళ్లపొదలో, బలుసులోనో పరికిలోనో, దారమంత తీగ ఒకటి చుట్టుకుంటూ పైకొస్తుంది. ఆకు కాస్త దళసరి. కింద మట్టిలో గుండ్రంగా, పైనా కిందా అదిమినట్టుండే దుంప.

పువ్వు చూడాలంటే పొదను చేత్తో పక్కకు తీసి, గొంతుక్కూర్చోవాలి. పొడవు అంగుళం. అడుగున బుడ్డిలా ఉబ్బి, పైన సన్నని గొట్టమై, చివర ఐదు రేకలు విడిపోయినట్టే విడిపోయి కొసల దగ్గర మళ్లీ కలుసుకుని చిన్న పంజరం కడతాయి. ఆకుపచ్చ మీద ఊదా ఛాయ. లాంతరు అనిపిస్తుంది. లినేయస్ 1753లో ఈ ప్రజాతికి పేరు పెట్టినప్పుడు అతనికి మైనపు ఊట కనిపించిందట. గ్రీకు మాటలకు అదే అర్థం. వాసనకు చిన్న ఈగలు పంజరంలో దూరి గొట్టంలోకి జారతాయి. గొట్టం లోపలి నూగు కిందికి వాలి ఉంటుంది కాబట్టి దిగిన ఈగ వెంటనే ఎక్కలేదు. బుడ్డిలో తచ్చాడుతూ పుప్పొడి అంటించుకుంటుంది. పువ్వు వాడి నూగు ముడుచుకున్నాక బయటపడి, బుద్ధి తెచ్చుకోకుండా ఇంకో పువ్వులో దూరుతుంది. మొక్క బతుకు దాని మతిమరుపు మీద నడుస్తుంది.

ఈ జాతి ఒక్క తెలంగాణలోనే ఉండేది కాదు, దేశంలో చాలాచోట్ల నమోదైంది. అయినా ఎక్కడ చూసినా పలచగానే ఉంటుంది. దుంప తినడానికి బాగుంటుందని తవ్వుతారు. తవ్వితే మొక్కే పోయినట్టు. పొద నరికితే నీడా పోతుంది, ముళ్ల కాపలాయూ పోతుంది. ఇలాంటి మొక్క విషయంలో ‘ఫలానా మండలంలో ఉంది’ అన్న వాక్యం పెద్దగా పనికిరాదు. ఆ వాక్యం రాసిన మరుసటి ఏడాదికే అది అబద్ధం కావచ్చు. కావలసింది: ఫలానా గుట్ట తూర్పు వాలులో, ఇన్ని పొదల కింద, ఇన్ని తీగలు, అందులో పూసినవి ఇన్ని, కాయ కట్టినవి ఇన్ని. మరుసటి జూలైలో మళ్లీ అదే లెక్క. సెరోపీజియా కాకపోతే నాభి, నేలతాడి, అడవి ఉల్లి, గడ్డి మధ్య మొలిచే నేల ఆర్కిడ్లు. మట్టి కింద ఏడాదిలో ముప్పాతిక భాగం నిద్రపోయే మొక్కలన్నిటికీ ఇదే న్యాయం.

పేర్లు రాసినవాళ్లు

తెలుగునేల మొక్కలకు పేర్లు రాసినవాళ్లు తక్కువేమీ కాదు. 1781లో సామర్లకోట చేరిన విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించి, కోరమండల్ తీరపు మొక్కల పుస్తకాన్ని 1795 నుంచి వెలువరించాడు. పైన చెప్పిన సెరోపీజియా బల్బోజా పేరు అతను పెట్టిందే. జాలారి చెట్టుకు షోరియా తుంబుగ్గయా అనీ, సండ్రకు సుంద్ర అనీ తెలుగు మాటల్నే లాటిన్‌లో కలిపేశాడు. తర్వాత గ్యాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాలం 1915 నుంచి భాగాలుగా వచ్చింది. నిజాం రాజ్యం ఆ ప్రెసిడెన్సీలో లేదు గనుక హైదరాబాద్ దాని అంచు బయటే ఉండిపోయింది. ఆ ఖాళీని పూరించే పని 1930ల్లో ఉస్మానియాకు చెందిన ఎం. సయీదుద్దీన్ మొదలుపెట్టారు. నల్లమలను జె.ఎల్. ఎల్లిస్ నడిచి నమోదు చేశారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి టి. పుల్లయ్య బృందం 1997లో ఆంధ్రప్రదేశ్ వృక్షజాలాన్ని మూడు సంపుటాలుగా తెచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ వృక్షజాలమూ వచ్చింది.

ఇది చిన్న పని కాదు. ఇవి లేకుండా అడుగు కదలదు. అయితే ఇవన్నీ ‘ఏముంది’ అన్న ప్రశ్నకు జవాబులు. ‘ఎంత ఉంది, పెరుగుతోందా తరుగుతోందా’ అన్నది వేరే ప్రశ్న. మన వృత్తి కూడా మొదటి ప్రశ్నకే బహుమానం ఇస్తుంది. గత పదిహేనేళ్లలో నల్లమల, పెంచలకోన కొండల నుంచి బ్రాకీస్టెల్మా ప్రజాతిలో కొత్త జాతులు ప్రకటించారు. కొత్త జాతి అంటే ఒక పరిశోధన పత్రం, పత్రికలో వార్త, పేరు పక్కన కనిపెట్టినవారి పేరు. అదే మొక్క ఐదేళ్ల తర్వాత అక్కడే ఉందని చూసొచ్చినవాడికి ఏముంది? బస్సు టికెట్టు.

చట్టం కూడా ఆలస్యంగానే మేలుకుంది. 1972 వన్యప్రాణి చట్టం ఆరో షెడ్యూల్లో చాలాకాలం ఉన్నవి ఆరే మొక్కల పేర్లు. అందులో ఒకటి మన శేషాచలం, కడప కొండల సైకస్ బెడోమి. 2022 సవరణతో మొక్కల జాబితా మూడో షెడ్యూలుకు మారి పెద్దదైంది. 2002 జీవవైవిధ్య చట్టం 38వ సెక్షన్ కింద అంతరించిపోయే జాతుల్ని ప్రకటించవచ్చు. అదే చట్టం కింద ప్రతి పంచాయతీ, మునిసిపాలిటీకి ఒక జీవవైవిధ్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఏళ్ల తరబడి అది నత్తనడక నడిస్తే, జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు పది లక్షలు కట్టాలంది. రిజిస్టర్లు చకచకా తయారయ్యాయి. గడువు కోసం రాసిన రిజిస్టరు పెళ్లి ఫొటో లాంటిది: ఆ రోజు ఎలా ఉన్నారో చెబుతుంది, తర్వాత కాపురం ఎలా సాగుతోందో చెప్పదు.

పిల్లర్ల పక్కన

మెహదీపట్నం నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద అడ్రసులన్నీ పిల్లర్ నంబర్లే. ఆ దారిలో అత్తాపూర్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కను ప్రాంతీయ కేంద్రం ఉంది. 1890లో పుట్టిన సర్వేకు హైదరాబాద్‌లో కేంద్రం 2005లో వచ్చింది. అత్తాపూర్ దగ్గరే అంతరించిపోయే జంతువుల మీద పనిచేసే సీసీఎంబీ ప్రయోగశాల లాకోన్స్. ఇంకొంచెం ముందుకెళ్తే రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, విత్తనాల జన్యుసంపదను కాపాడే జాతీయ సంస్థ ప్రాంతీయ స్టేషన్. అటు చిలుకూరు పక్కన 1994లో జాతీయ పార్కైన మృగవని, 3.6 చదరపు కిలోమీటర్లు. ఇటు నగరంలో ఉస్మానియా, హైదరాబాద్ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాలు.

అరగంట, ముప్పావుగంట దూరంలో ఇన్ని సంస్థలున్న నగరాలు దేశంలో ఎక్కువ లేవు. అయినా ఈ సంస్థల్లో దేనికీ కంచ తన పని కాదు. సర్వే కేంద్రం చూసుకోవాల్సిన దక్కను నేల చాలా పెద్దది. అటవీశాఖ హద్దు రిజర్వు ఫారెస్టు దగ్గర ఆగుతుంది. కంచ రెవెన్యూది, కలెక్టరుది, ఎప్పుడైనా పారిశ్రామిక సంస్థకు బదలాయించదగ్గది. అక్కడి బోర్డు మీద ‘ఇది ప్రభుత్వ భూమి’ అని ఉంటుంది గానీ, ఆ భూమిలో ఏం మొలుస్తోందో చూడాల్సింది ఏ అధికారో రాసి ఉండదు.

ఎయిర్‌పోర్టు ప్రహరీ సంగతి ఇంకా ఆసక్తికరం. జనం, మేకలు దూరలేని గోడ ఒక్కోసారి అనుకోని కాపలా అవుతుంది. లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టు పక్కన ఇసుకదిబ్బల మీది ఇళ్లను విమానాల హోరు వల్ల ఖాళీ చేయించారు. మిగిలిన దిబ్బల్లో అక్కడి బక్‌వీట్ పొద, దాని మీదే బతికే ఎల్ సెగుండో నీలి సీతాకోకచిలుక నిలిచాయి. 1976లో ఆ చిలుకను ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. ఇప్పుడు ఆ దిబ్బల్ని ఎయిర్‌పోర్టే సంరక్షిస్తోంది, వాలంటీర్లు వెళ్లి పిచ్చిమొక్కలు పీకుతారు. విమానాశ్రయంలో గడ్డి ఎత్తు పక్షుల భయంతో కత్తిరించాల్సిందే, భద్రతా ఆంక్షలు తప్పవు. అయినా ప్రహరీ లోపల రన్‌వేకు దూరంగా ఉన్న గుండ్లలో, వానాకాలంలో ఒక్క రెండు రోజులు మొక్కలు తెలిసినవాళ్లను అనుమతితో తిప్పి జాబితా తీయడం అసాధ్యమేమీ కాదని లాస్ ఏంజెలెస్ చెబుతోంది.

మేలో ఇంటర్న్‌షిప్, జూలైలో పువ్వు

శంషాబాద్ నుంచి ఏటా వేలమంది తెలుగు పిల్లలు అమెరికా విమానం ఎక్కుతారు. వాళ్ల ఇళ్లలో ఇంటర్న్‌షిప్ అంటే సాఫ్ట్‌వేరే. కానీ అదే దేశంలో షికాగో బొటానిక్ గార్డెన్ 2001 నుంచి ఇంకో రకం ఇంటర్న్‌షిప్ నడుపుతోంది. డిగ్రీ ముగించిన యువతను దాదాపు ఐదు నెలల పాటు పశ్చిమ రాష్ట్రాల్లోని ప్రభుత్వ భూముల కార్యాలయాలకు పంపుతారు, జీతమిస్తారు. అక్కడి భూనిర్వహణ సంస్థ చేతిలోనే దాదాపు 24.5 కోట్ల ఎకరాలు. ఇంటర్న్ చేసే పని పైకి చూస్తే విసుగు పుట్టించేది: పాత రికార్డులో రాసిన చోటుకు వెళ్లడం, మొక్క ఉందో లేదో చూడటం, ఉంటే లెక్కపెట్టడం, విత్తనం సేకరించడం. దీని వెనుక 1973 నాటి ప్రమాద జాతుల చట్టం ఉంది. ఆ చట్టం జాబితాలోని మొక్క ఉన్న సంగతి రికార్డులో ఉంటే ఆ భూమి నిర్వహణ తీరు మారాల్సి రావచ్చు. కాబట్టి అధికారికి ఆ లెక్క అవసరం. అవసరం ఉన్నచోట జీతం వచ్చింది. బ్రిటన్ దారి వేరు. అక్కడ 2015లో మొదలైన జాతీయ మొక్కల పర్యవేక్షణ పథకంలో వాలంటీర్లు తమకిచ్చిన చదరపు కిలోమీటరులోని చిన్న ప్లాట్లకు ఏడాదికి రెండుసార్లు వెళ్తారు. రెండు పద్ధతుల్లోనూ కీలకం ఒకటే: అదే చోటు.

మన దగ్గర ముక్కలు ఉన్నాయి, అతుకు లేదు. కేంద్ర పర్యావరణ శాఖ 2017లో మొదలుపెట్టిన హరిత నైపుణ్య కార్యక్రమంలో మొక్కల్ని గుర్తించే పారాటాక్సానమీ, ప్రజా రిజిస్టర్ల తయారీ కోర్సులున్నాయి. మధ్యలో చదువు ఆపేసినవాళ్లూ చేరొచ్చన్నది అందులో మంచి అంశం. ఆంధ్రప్రదేశ్ 2020–21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. యూజీసీ 2024 మార్గదర్శకాలు నాలుగో సెమిస్టరు తర్వాత 60 నుంచి 120 గంటల ఇంటర్న్‌షిప్ చెప్పాయి. బోటనీ విద్యార్థికి దీంతో దొరికేది తరచూ ఒక ప్రయోగశాలలో బీకర్లు కడగడం, లేకపోతే ఆన్‌లైన్ సర్టిఫికెట్.

అసలు అడ్డంకి క్యాలెండరు. కాలేజీలు ఇంటర్న్‌షిప్‌కు వదిలేది మే, జూన్‌లలో. అప్పుడు కంచలో పోతే కనిపించేది ఎండిన గడ్డి, కాలే రాయి. దుంపలన్నీ నిద్రలో ఉంటాయి. అవి లేచేసరికి జూలై, పిల్లలు క్లాసుల్లో ఉంటారు. పూసేసరికి ఇంటర్నల్ పరీక్షలు. కాయ కట్టేసరికి సెమిస్టరు పరీక్షలు. మొక్కా విద్యార్థీ ఒకే కంచలో ఏడాది పొడవునా ఒకరినొకరు తప్పించుకు తిరుగుతున్నట్టుంటుంది.

లెక్క పనికొచ్చిన సందర్భాలు

మామూలు పౌరుల లెక్కలు ఏం చేయగలవో ఈ చుట్టుపక్కలే చూశాం. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డును వెడల్పు చేయాలనుకున్నప్పుడు చేవెళ్ల మర్రిచెట్లు గొడ్డలి ముందుకొచ్చాయి. నేచర్ లవర్స్ ఆఫ్ హైదరాబాద్ బృందం రోడ్డు వెంట నడిచి, తొమ్మిది వందలకు పైగా చెట్లను ఒక్కొక్కటిగా జీపీఎస్‌తో నమోదు చేసింది. ‘చెట్లు చాలా ఉన్నాయి’ అంటే వినని చోట, నంబరున్న చెట్టు మాట్లాడింది. వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది.

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పని ఆపించింది. అప్పుడు అందరి నోటా తిరిగిన అంకె హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో నమోదైన 734 పుష్పించే జాతులు. విద్యార్థులూ పరిశోధకులూ ఏళ్లుగా తిరిగి రాసుకున్నవి అంతకుముందే ఉండటం వల్లే ఆ అంకె వాదనకు అందుబాటులోకొచ్చింది. వికారాబాద్ దగ్గర దామగుండం రిజర్వు ఫారెస్టులో 2,900 ఎకరాలు నేవీ సమాచార ప్రసార కేంద్రానికి పోయినప్పుడు, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగేదాకా వినపడ్డ మాట ‘ఔషధ మొక్కల అడవి’ అనే. ఏ మొక్క, ఎన్ని, ఎక్కడ అన్న వివరం ఆ మాటకు తోడుగా జనం ముందుకు పెద్దగా రాలేదు.

అయితే చేవెళ్ల, కంచ గచ్చిబౌలి విజయాల్లోనూ పరిమితి ఉంది. మర్రి పదేళ్ల తర్వాత కూడా అక్కడే నిలబడి కనిపిస్తుంది. దుంప మొక్క అలా కాదు. 734 అన్నది జాబితా, జనాభా లెక్క కాదు. ఆపద వచ్చాక లెక్కపెట్టడం ఒకటి, రాకముందు నుంచే లెక్క ఉంచుకోవడం వేరొకటి.

మూడు అభ్యంతరాలు

మొదటిది, కొత్తవాళ్లు మొక్కల్ని తప్పుగా గుర్తిస్తారు. నిజమే. ఉస్మానియాలో ఎమ్మెస్సీ చదివినవాళ్లు కూడా గడ్డి జాతుల దగ్గర తడబడతారు. అందుకే ఇంటర్న్‌కు మొత్తం వృక్షజాలం అప్పగించకూడదు. ఒక్క జాతి, ఒక్క గుట్ట, గుర్తు పెట్టిన ప్లాట్లు. రెండు రోజుల శిక్షణతో ఒక మొక్కను గుర్తుపట్టడం డిగ్రీ విద్యార్థికి కష్టం కాదు. అనుమానమొస్తే కోయకుండా ఫొటో తీయాలి. ఒక ముక్క హెర్బేరియానికి పంపాలా వద్దా అన్నది నిపుణుడి నిర్ణయం.

రెండోది, చోటు తెలిస్తే దొంగలు తవ్వుకుపోతారు. ఎర్రచందనం చూసిన జాతికి ఈ భయం విడమర్చి చెప్పనక్కర్లేదు. ఐనాచురలిస్ట్ వంటి వేదికలు ప్రమాద జాతుల స్థలాన్ని దాదాపు 20 కిలోమీటర్ల గడిలో దాచేస్తాయి. అంటే చార్మినార్ నుంచి ఎయిర్‌పోర్టు దాకా ఎక్కడైనా కావచ్చు. అసలు చోటు సర్వే దగ్గర, జీవవైవిధ్య మండలి దగ్గర మూసిన ఫైల్లో ఉండాలి. ఇంటర్న్ సోషల్ మీడియాలో పెట్టకూడదన్నది షరతుల్లో మొదటిది కావాలి.

మూడోది నాకు అన్నిటికన్నా బరువైనది: ఉచిత చాకిరీ. ఫీల్డు పనికి బస్సు ఛార్జీ, బూట్లు, నీళ్ల సీసా, మధ్యాహ్నం తిండి కావాలి. రక్తపింజర ఉన్న గడ్డిలో చెప్పులతో తిరగమనకూడదు. ఆడపిల్లల్ని ఒంటరిగా కంచకు పంపకూడదు, ఇద్దరేసి వెళ్లాలి. భత్యం లేని ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో బైకు, జేబులో డబ్బు ఉన్నవాళ్లకే ఫీల్డు అన్నమాట. అదే కంచ పక్క తండాలో పుట్టి, అందులోని ప్రతి గడ్డ పేరు తెలిసిన పిల్ల ఇంటి దగ్గరే ఆగిపోతుంది.

పది శనివారాలు

యూజీసీ చెప్పిన కనీసం 60 గంటలు. రోజుకు ఆరు గంటల చొప్పున పది శనివారాలు. జూలై మొదటి వారం నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా సరిగ్గా పది వారాలు. చల్క నేలలో మొక్క లేవడం, పూయడం, కాయ పట్టడం చాలావరకు ఆ కిటికీలోనే జరుగుతాయి. మే నెల ఇంటర్న్‌షిప్‌ను ఈ పది శనివారాలకు జరపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కాలేజీ టైంటేబుల్ ఒప్పుకుంటే చాలు. రిజర్వు ఫారెస్టుకు, జాతీయ పార్కుకు అటవీశాఖ అనుమతి కావాలి. కంచకు తహసీల్దారుకు తెలియజేసి, పంచాయతీ జీవవైవిధ్య కమిటీ పేరు మీద వెళ్లడం మేలు. అలా ఐతే ఆ లెక్క నేరుగా ప్రజా రిజిస్టరులో చేరుతుంది, పెళ్లి ఫొటో పక్కన కాపురం సంగతులూ చేరతాయి.

ఫీల్డు కాగితంలో గడులు తక్కువ ఉండాలి. తేదీ, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము. ప్లాటు నంబరు, అంటే గుండు మీద చిన్నగా వేసిన రంగు గుర్తు, అక్కడి నుంచి తాడుతో కొలిచిన దూరం. పీవీసీ పైపుతో చేసిన మీటరు చతురస్రాన్ని నేల మీద పెట్టి అందులోని తీగల లెక్క: ఆకు మాత్రమే ఉన్నవి, మొగ్గవి, పూసినవి, కాయవి. పక్కన తవ్విన గుంత, మేసిన గుర్తు, కొత్తగా వచ్చిన సర్కారు తుమ్మ. అన్నిటికన్నా ముఖ్యమైన గడి చివరిది. అందులో మూడు మాటల్లో ఒకటి రాయాలి: ఉంది, లేదు, చూడలేదు. ‘లేదు’ అని రాయాలంటే ఆ చోట గంటసేపు వెతికి ఉండాలి. వానకు వెనక్కి తిరిగొస్తే ‘చూడలేదు’ అనే రాయాలి. ఈ రెంటి తేడా తెలిసిన విద్యార్థికి శాస్త్రం సగం వచ్చినట్టే. సున్నా కూడా సమాచారమే, వెతికి రాసిన సున్నా అయితే.

ఇంటర్న్ ఏటా మారతాడు. మారనిది ఒకటి ఉండాలి. ప్లాటు గుర్తు, కాగితం, ఒక గైడు ఉంటారు సరే. అసలు ఏళ్లతరబడి ఆ నేల మీదే తిరిగేవాళ్లు గొర్లకాపరులు. ఎయిర్‌పోర్టు కింద నేల ఇచ్చిన ఊళ్లలో ఒకదాని పేరే గొల్లపల్లి. ఏ గడ్డి ఎప్పుడు ముదురుతుందో, ఏ దుంప ఏ గుండు పక్కన ఉండేదో, ఏ ఏడు నుంచి కనిపించడం లేదో వాళ్లకు నోటిలెక్క. బతుకమ్మ ముందు గునుగు, తంగేడు కోసం ఏటా అదే కంచకు గంపలతో వెళ్లిన ఆడవాళ్లకూ అలాంటి లెక్కే ఉండేది. వాళ్లది సర్వే కాదు గానీ, ఏటా అదే పక్షంలో అదే చోటుకి పోవడమంటే మానిటరింగే. ఇప్పుడు గునుగు కట్టలు గుడిమల్కాపూర్ మార్కెట్లో కొనుక్కుంటున్నాం, ఏ కంచలో పూసిందో అడగడం లేదు.

ఫీల్డులో మొదటి రోజు ఏ విద్యార్థికైనా ఒక అనుభవం తప్పదు. పొదలో తల దూర్చి వెతుకుతుంటే వెనక కర్ర చప్పుడవుతుంది. భుజాన గొంగడి వేసుకున్న పెద్దాయన నిలబడి, ‘ఏం బిడ్డా, ఏం దేవులాడుతున్నవ్?’ అంటాడు. మొక్క ఫొటో చూపిస్తే పేరు చెబుతాడు, లేదా నవ్వి, అవతలి గుట్ట వైపు చెయ్యి చూపిస్తాడు. ఆ పేరు, ఆ చెయ్యి చూపిన దిక్కు కాగితంలో రాసుకోవాలి. ఈ పథకం పనిచేస్తోందా లేదా తేల్చుకోవడానికి పెద్ద కొలబద్దలేమీ అక్కర్లేదు. మరుసటి జూలైలో అదే పెద్దాయన అదే గుట్ట దగ్గర ఎదురుపడి ‘మళ్లొచ్చిన్రా?’ అని అడిగితే చాలు.